తెలకపల్లి బస్సు మెట్టు మీద

హెప్సిబాకు,

దేవుని దయ వల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, అమ్మా, పావనీ అలాగే ఉన్నారని నమ్మి రాస్తున్నాను. మా గదిలో ఉండే సతీష్‌కు బెయిలొచ్చింది. జైలు వాళ్ళు చదవకుండా ఈ ఉత్తరం అతని చేత పంపుతున్నాను.

నిద్ర పడుతోందా అని అడిగావు. ఇరవై మందికి కట్టిన గదిలో యాభై మందిమి ఉన్నాం. సగం మంది పడుకుంటే తక్కినవాళ్ళం గోడకానుకుని కూర్చుంటాం. నా వంతు వచ్చినప్పుడు పావని తల నా చేతి మీద ఉందనుకుని కళ్ళు మూసుకుంటాను. పాపకు ముందుపన్ను ఊడిందని రాశావు. ఆ బోసినవ్వు ఎలా ఉంటుందోనని రోజూ ఊహించుకుంటున్నాను.

ములాఖత్‌లో నా చెయ్యి చూసి అడిగితే జారిపడ్డానన్నాను. కాదు. నీళ్ళ దగ్గర తోపులాటలో ఒకడు బకెట్‌తో కొట్టాడు. విడిపించడానికి వార్డర్లు ఎవరూ రాలేదు. ఉన్నదే ఇద్దరు. గేటు దగ్గర ఎల్లయ్య, లోపల జితేందర్.

మొన్న పొద్దున మా గదిలో రామన్న గుండె పట్టుకుని కూలిపోయాడు. పొలం గట్టు తగాదా కేసులో వచ్చిన పెద్దాయన. అందరం అరిస్తే జితేందర్ పరుగెత్తుకొచ్చాడు. ఇంకో వార్డరు తోడు లేకుండా తలుపు తీయకూడదు.

"సార్, ముసలాయన పోతడు," అన్నాను.

"నేనొక్కణ్ణే ఉన్న. మీరందరు బయటికొస్తే నన్నేం జేస్తరు?"

"ఎవ్వరం కదలం సార్. దేవుని తోడు."

అందరూ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. అతను తలుపు తీశాడు. అంబులెన్సు రాలేదు. ఎల్లయ్యను ఒక్కణ్ణే జైలుకు కాపలా పెట్టి, మోయడానికి ఇంకెవరూ లేక జితేందర్, నేను రామన్నను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. స్ట్రెచర్ వెంట లోపలికి పోతూ అతను, "జయపాల్, నువ్వీడనే ఉండు," అన్నాడు.

ఇక్కడ నీకు చెప్పాల్సింది ఉంది. ఇంత దూరం రాసి కూడా చెయ్యి ఆగుతోంది.

ఎదురుగా తెలకపల్లి బస్సు ఆగింది. రోడ్డు దాటి మెట్టెక్కాను. రిమాండు వాళ్ళకు సొంత బట్టలే కదా, కండక్టరమ్మకు నేను మామూలు మనిషిని.

"యాడికన్నా?" అంది.

"తెలకపల్లి," అన్నాను. గంటలో నిన్ను చూసేవాణ్ణి, హెప్సిబా. కానీ నేను పోతే, ఇంకెవరు కూలిపోయినా జితేందర్ ఆ తలుపు తీయడు.

"ఇంకో బండికొస్త లేమ్మా," అని దిగాను. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

రామన్న బతికాడు. తలుపు తీసినందుకు జితేందర్‌కు మెమో ఇచ్చారు. మా గదిలోకి ఇంకా నలుగురు వచ్చారు. నా బెయిలు మళ్ళీ వాయిదా పడింది.

నాన్న బస్సెక్కి కూడా దిగిపోయాడని పావనికి మాత్రం చెప్పకు.

ఇట్లు,
నీ పెనిమిటి,
జయపాల్