మామగారి కారు, లేవని ముల్లు

సోమవారం, సాయంత్రం

చరిత్రాత్మకమైన రోజు! మామగారు తన కారు తాళాలు నా చేతిలో పెట్టారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఇక బండి నడపనని తేల్చేశారు. "ఆదివారం వచ్చి చూస్తాను. బండి ఇచ్చినది ఇచ్చినట్టు ఉంటే నీదే" అన్నారు. ఇదే పరీక్షలో పోయిన నెల మా తోడల్లుడు గేటును గుద్ది తప్పాడు. పాపం. (చాలా సంతోషంగా ఉంది.)

మంగళవారం, ఉదయం

కారులో ఆఫీసుకు! దారిలో స్పీడ్ బ్రేకరు కనిపించలేదు. నేనూ కారూ కలిసి ఎగిరిపడ్డాం. తర్వాత చూస్తే స్పీడోమీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. కారు పరుగెడుతోంది, అది మాత్రం లేవదు.

తీర్మానం: మెకానిక్ దగ్గరికి వెళ్లేది లేదు. ఇక్కడున్న ఒకే ఒక్క మెకానిక్ మామగారికి చిన్ననాటి స్నేహితుడు. నేను ఇల్లు చేరేలోపే కబురు అక్కడికి చేరుతుంది. నేనే బాగుచేస్తాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. (సివిల్. అయినా ఇంజనీరింగే.)

బుధవారం

వీడియోలు చూశాను. దీనికా ఇంత హడావిడి? గేరుబాక్సు నుంచి మీటరు దాకా సన్నటి కేబుల్ ఒకటి వస్తుంది. బండి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే ముల్లు లేస్తుంది. తెగింది కేబులా, పాడైంది మీటరా, తేల్చుకుంటే చాలు.

కేబుల్ చూడాలంటే కారు కిందకు దూరాలి. చొక్కా ఇస్త్రీది. కాబట్టి పాడైంది మీటరేనని తేల్చాను.

"నాన్నకు ఒక్క ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చుగా?" అంది మా ఆవిడ.

"చెప్పి? మీ బావ నవ్వడానికా?"

గురువారం

డాష్‌బోర్డు విప్పేశాను! స్పీడు, పెట్రోలు, వేడి, అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. స్పీడు ముల్లు పీకి, దుమ్ము ఊది, మళ్లీ గుచ్చాను. ఊదినప్పుడు ఏదో చిన్న ముక్క ఎగిరి ఎటో పోయింది. ముఖ్యమైనదైతే అంత తేలిగ్గా ఎగరదు కదా.

శుక్రవారం

పని సాగలేదు. నడుము పట్టేసింది. పైగా మబ్బు, వెలుతురు చాలలేదు. తొందరపడితే పని చెడుతుంది. నిద్రపోయాను.

శనివారం

అన్నీ బిగించాను. కొన్ని స్క్రూలు మిగిలాయి. కంపెనీవాళ్లు జాగ్రత్త కోసం ఎక్కువే పెట్టి ఉంటారు. తాళం తిప్పాను. బండి ఇంటి ముందు నిలబడే ఉంది. స్పీడు అరవై!

మా ఆవిడ తొంగి చూసింది. "కదలకుండా అరవైలో పోతోందా? అచ్చం మీరు ఆఫీసులో పనిచేసినట్టే ఉంది."

పట్టించుకోలేదు. పెట్రోలు ముల్లు నిండుగా చూపిస్తోంది. ఆ ఒక్కటైనా బాగుంది.

ఆదివారం, మధ్యాహ్నం

మామగారు వచ్చారు. ఆయన ముందు సీట్లో, మా ఆవిడ వెనక. మాటలు పెట్టి ఆయన చూపు మీటరు మీద పడకుండా కాపాడుకుంటూ వీధి మలుపు దాటాను. కారు ఆగిపోయింది. పెట్రోలు చుక్క లేదు. ముల్లు మాత్రం ఇంకా నిండుగానే ఉంది.

మా ఆవిడ స్టీరింగు పట్టుకుంది, నేను వెనక నుంచి తోశాను, మామగారు దిగి నా పక్కనే నడిచారు. చెమటతో పాటు నిజం కూడా బయటికొచ్చింది. స్పీడ్ బ్రేకరు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను.

"స్పీడోమీటరా?" అన్నారు మామగారు. "ఆ కేబుల్ తెగి ఎన్నేళ్లయిందో."

"మరి వేగం ఎలా తెలిసేది మావయ్యగారూ?"

"ఏదో ఒక సైకిలు నన్ను దాటిపోతే సరైన వేగమే అని లెక్క. దాటకపోతే తగ్గించేవాణ్ణి."

సిగ్గుతో చచ్చిపోయాను. వారమంతా నేను వైద్యం చేసింది ఎప్పుడో పోయిన ముల్లుకి. బాగున్న పెట్రోలు ముల్లును మాత్రం నా చేతులతో నేనే చంపాను.

మామగారు తాళాలు కూతురి చేతిలో పెట్టారు. "కారు నీదేనమ్మా. షరతు ఒక్కటే. మీ ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని దీని దగ్గరికొచ్చిన రోజున తీసుకెళ్లి మీ అక్కకి ఇచ్చేస్తాను."

అంటే తోడల్లుడికి!

ఆదివారం, సాయంత్రం

బాగా ఆలోచించాను. పెట్రోలు ముల్లు పాడుచేసింది నేను. బాగుచేయాల్సిందీ నేనే. మెకానిక్ దగ్గరికి వెళ్లేది లేదు. రేపు మా ఆవిడకు కునుకు పట్టగానే మొదలు.

మామగారు స్క్రూడ్రైవరు వద్దన్నారు. స్పానరు గురించి ఏమీ అనలేదు.