వేడినీళ్ల తొట్టిలో మంత్రి

రేక్యవిక్,
అక్టోబరు 29

స్టెయిన్వోర్ అక్కా,

నువ్వు ప్రచురిస్తున్న నా నవల అచ్చు వెంటనే ఆపించు. ప్రెస్సువాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ.

ఈ ఉదయం ఈతకొలనుకి వెళ్లి, రోజూలాగే అక్కడ ఆరుబయట పదిమందీ కలిసి కూర్చునే వేడినీళ్ల తొట్టిలో గొంతుదాకా మునిగి కూర్చున్నాను. కళ్లు తెరిస్తే ఎదురుగా చేపల శాఖ మంత్రి హాల్వర్దుర్! నవలలో నేను నలభై పేజీలు ఉతికి ఆరేసిన మనిషి. లేచి పోదామంటే మంచు కురుస్తోంది.

"ఏమోయ్, క్రిస్మస్‌కి నా మీద పుస్తకం తెస్తున్నావటగా?" అన్నాడు.

తొట్టిలో ఉన్న ముసలమ్మలిద్దరూ మాటలాపి చెవులు రిక్కించారు.

"నీ మీద కాదయ్యా, వ్యవస్థ మీద" అన్నాను.

"అలాగా! నేనూ ఓ నవల రాశాలే. అదీ క్రిస్మస్‌కే వస్తోంది. అందులో ఓ రచయిత ఉంటాడు. పుస్తకాల్లో పులి. తొట్టిలో మాత్రం మంత్రి పక్కకి జరిగి, ప్రభుత్వం రచయితలకిచ్చే భృతి ఇంకో ఏడాది ఇప్పించమని నసుగుతుంటాడు."

ముసలమ్మలు నావైపే చూసి నవ్వారు.

అక్కా, నేనడిగింది ఒక్కసారే. అదీ మార్చిలో. అప్పటికి మొదటి అధ్యాయం కూడా పూర్తి కాలేదు.

భయపడి అచ్చు ఆపమంటున్నాననుకోకు. అతని పుస్తకం ప్రూఫులు ఎలాగైనా సంపాదించి, అందులో నాకెన్ని పేజీలిచ్చాడో చూసి చెప్పు. నేనతనికి నలభై ఇచ్చాను; అందులో సగం, ఇరవైకి ఒక్కటి తగ్గినా సరే, అతన్ని నా నవల్లోంచి పీకి పారేస్తాను.

నీ పిన్ని కొడుకు