తలకిందుల అక్షరం

నా బంగారు తల్లీ,

ఈ సంతోషం నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు! నీ లెక్క తప్పు కాదటమ్మా! ఇరవై ఆరేళ్ళ కిందట అందరూ నవ్వి అవతల పడేసిన నీ వ్యాసం అక్షరాలా నిజమట! మొన్న ఒక లెక్కల ప్రొఫెసరు మా అచ్చాఫీసును వెతుక్కుంటూ వచ్చాడు. "పెద్దాయనా, ఈ ఒక్క అక్షరాన్ని తలకిందులు చేసి చదివితే అన్నీ కుదురుతున్నాయండీ. దీన్ని కంపోజు చేసిందెవరు?" అన్నాడు.

నువ్వు గుర్తుగా కావాలనే తలకిందులుగా రాసిన ఆ అక్షరాన్ని నా పక్కన కూర్చునే కంపోజిటరు నువ్వు రాసినట్టే పేర్చాడమ్మా. మా పనిలో తలకిందుల అక్షరం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. నా కూతురి వ్యాసంలో అలాంటి తప్పా అని, నలభై ఒక్క చోట్ల పట్టకారుతో తీసి నేనే తిన్నగా నిలబెట్టాను. "ఏమయ్యోయ్, కూతురిదనేసరికి ఒక్క అచ్చుతప్పూ లేదే!" అని మేనేజరు ఎగతాళి చేస్తే పొంగిపోయాను కూడా.

అప్పుడు యుద్ధం. ఫిరంగి గుండ్లు ఎక్కడ పడతాయో లెక్కగట్టే ఆఫీసులో ఉన్న నీకు ప్రూఫు చూడ్డానికి సెలవివ్వలేదు. కాగితం కరువై నీ వ్యాసం వేసిన పత్రికా మూతబడింది. యుద్ధం ముగిసేసరికి నీ సూత్రం ఇంకెవరి పేరుతోనో పుస్తకాలకెక్కింది. ఆ తర్వాత నువ్వు లెక్కల జోలికే వెళ్ళలేదు. నీ రెక్కలు విరిచింది నేనేనని ఇన్నాళ్ళూ నాకు తెలియదు తల్లీ.

ప్రొఫెసరు దాన్ని నీ పేరుతో మళ్ళీ అచ్చు వేయిస్తాడట! తప్పు నాదని కింద వేయమన్నాను. నువ్వు సరేనంటే చాలు.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లని
నీ నాన్న


నా తల్లీ,

నీ జవాబు అందింది. ఎన్నిసార్లు చదివానో! "నాన్నా, పత్రిక చేతికొచ్చిన రోజే చూశాను. అంత తిన్నగా నిలబెట్టే చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? సవరణ వేయమంటే నీ ఉద్యోగం ఊడేది. అమ్మ అప్పుడు మంచం మీద ఉంది. తప్పెవరిదో ఇప్పుడు మాత్రం ఎందుకు? వేయించకు."

అన్నీ తెలిసి, వాళ్ళు నవ్వుతుంటే నోరు మూసుకున్నావా తల్లీ? నా ఎదురుగా కూర్చుని భోంచేస్తూ కూడా ఒక్క మాట అనలేదే!

వ్యాసమంతా నువ్వు రాసింది రాసినట్టే పేరుస్తున్నాను. నీ మాట ఒక్కటే వినలేకపోయాను. చివర ఈ ముక్క కలిపాను: "మొదటి అచ్చులోని తప్పు కంపోజిటరుది. రచయిత్రికి ఆ సంగతి తెలుసు."

నీ నాన్న