ఆకుపచ్చ పట్టీ గుండ్లు తిరిగి ఇప్పించమని

కరుణామయుడైన అల్లాహ్ పేరుతో మొదలుపెడుతున్నాను.

ఈజిప్టు దేశం అలమైన్‌కు దక్షిణాన అంజూరు తోటల వెనక కాపురముంటున్న సాద్ కుమారుడు ఖైరల్లా అనే నేను, కాళ్లకు నీరు పట్టినా మతి చెడకుండా, నా వాళ్ల పేర్లూ నా తప్పులూ గుర్తుండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం నా వారసులూ, ఈ వీలునామా అమలు జరిపే హాజీ మిఫ్తాహూ నడుచుకోవలసిన విధాన్ని రాస్తున్నాను. నాలుగో అంశం చదివాక నాకు మతి ఉందా అని కొందరికి అనుమానం వస్తుంది. ఉంది.

1. ఇల్లు, తోట, గొర్రెల మంద అన్నింటిలో మూడింట రెండు వంతులు నా భార్య మస్ఊదా, నా కొడుకు హమద్ షరియత్ చెప్పిన వాటాల ప్రకారం పంచుకోవాలి. అందులో నా పెత్తనం లేదు. మిగిలిన మూడో వంతే నా ఇష్టానికి వదిలినది. వారసులకు అందులోంచి ఇవ్వకూడదు కాబట్టి మస్ఊదాకు ఇక్కడ ఏమీ రాయలేకపోతున్నాను. ఎన్నో సాయంత్రాలు ఆమె టీ మూడోసారి మరిగించి పిలిచినా నేను షెడ్డులోంచి లేవలేదు. "ముందు నీ ఇనప పెళ్లాలకి స్నానం చేయించుకో, తర్వాత తీరిగ్గా రొట్టె తిందువుగాని" అనేది.

2. నా పనిముట్లు, అంటే సానరాయి, తీగ బ్రష్షులు, రంగు కొట్టే యంత్రం, ఊళ్లో కార్లు బాగుచేసే రిజ్గ్‌కు చెందాలి. కారు తలుపులకు తప్ప దేనికీ వాడకూడదు. నలభై ఏళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి గుండ్లు పోగుచేసి బాగుచేశాను. ఇంగ్లీషువాళ్లవి, జర్మన్లవి, ఇటలీవాళ్లవి, దొరికినవన్నీ. ప్రతిదీ సైన్యంవాళ్లు మందు తీసేసి, రంధ్రం పొడిచి, చచ్చిందని తేల్చి వదిలేసిందే. బతికున్నదాన్ని నేను ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తుప్పు గోకి, నూనె పట్టించి, కార్ఖానాలో పుట్టిననాడు మీద ఏ రంగు ఉందో ఆ రంగే వేశాను, ఏ పట్టీ ఉందో ఆ పట్టీయే దిద్దాను. మ్యూజియం నుంచి వచ్చిన కళ్లద్దాల పెద్దమనిషి ఒకసారి "రంగు కాస్త ముదిరిందండీ" అన్నాడు. ముదరలేదు. ఆ మాట ఇక్కడ రాసిపెడుతున్నాను.

3. నా మనసులో ముల్లు ఇది. మా వాళ్లలో పెళ్లయిన ప్రతి ఇంటికీ ఒక జత గుండ్లు కానుకగా ఇచ్చాను. పెళ్లి గుడారం అంచులు గాలికి లేవకుండా బరువు పెట్టుకునేవారు, ఆ తర్వాత గుమ్మానికి అటొకటి ఇటొకటి నిలబెట్టేవారు. ఇంగ్లీషు గుండు మీద ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. లోపల పేలుడు మందు నిండా కూరి ఉందని ఆ పట్టీకి అర్థం. నాకు తెలుసు. మందు లేని గుండు మీద కూడా ఆ పట్టీని ముద్దుగా దిద్దాను, లేకపోతే అసలు రూపు చెడుతుందని. మా వాళ్లకు అది యుద్ధపు గుర్తు కాకుండా పోయింది. ఆకుపచ్చ పట్టీ ఉంటే ఖైరల్లా చేతిది, అంటే చచ్చింది, అంతే. పిల్లలు వాటి మీద ఎక్కి కూచున్నారు. నేను చూసి మురిసిపోయాను.

పదేళ్ల కిందట చలికాలపు వానకు బార్లీ చేను కోసుకుపోయి ఒక గుండు బయటపడింది. ఇసుకలో కూరుకుపోయిన వైపు రంగు చెక్కుచెదరలేదు. మా అక్క సల్లూమా, మా అమ్మ పోయాక నన్ను వీపున మోసి పెంచినది, ఆ పట్టీ చూసింది. ఎవరింటి కానుకో వరదకు కొట్టుకొచ్చిందనుకుంది. "ఈ ఖైరల్లాగాడి సొమ్ము ఎవరికీ లెక్కలేదే" అని తిట్టుకుంటూ నాకిద్దామని చంకనెత్తుకుంది. నా గుమ్మం దాకా రాలేదు. దారిలో దించబోతే మూతి దగ్గరి చిన్న మందు మాత్రం పేలింది, కడుపులోది పేలలేదు. కుడిచెయ్యి మణికట్టు వరకు పోయింది, ఒక కన్ను పోయింది. ఆస్పత్రిలో కట్లతో పడుకుని నన్ను అడిగిన మొదటి మాట "నీది కాదంట్రా అది?" అని. కాదక్కా అన్నాను. అది అబద్ధమని అప్పటినుంచి నాకు అనిపిస్తూనే ఉంది.

4. కాబట్టి నేను కానుకగా ఇచ్చిన గుండ్లన్నీ తిరిగి అడుగుతున్నాను. ఇచ్చింది తిరిగి అడగడం మన ఇంటావంటా లేదని తెలుసు. బతికుండగా రెండుసార్లు నోరు తెరిచి, గుమ్మంలో వాళ్లిచ్చిన టీ తాగి వచ్చేశాను. హాజీ మిఫ్తాహ్ కూడా "కొత్తకోడలి గుమ్మంలో వస్తువు అడిగితే మొహాన ఉమ్మినట్టే కదయ్యా" అన్నాడు. పోయినవాడు అడిగితే కాదనే ఆచారమూ మనకు లేదు కనుక ఇలా అడుగుతున్నాను. జత తెచ్చి ఇచ్చిన ప్రతి ఇంటికీ నా మూడో వంతులోంచి ఒక ఈనిన గొర్రెను పిల్లతో సహా ఇవ్వాలి. మా బావమరిది ఫరజ్ తన జతను తీరంలో సెలవులకు దిగిన కైరోవాళ్లకు అమ్ముకున్నాడు. నా ముందు మాత్రం దొంగలెత్తుకుపోయారన్నాడు. ఫరజ్‌కు గొర్రె లేదు.

తిరిగి వచ్చినవీ, షెడ్డులో ఉన్నవీ, సైన్యంవాళ్లకు చూపించి కొలిమికి పంపాలి. ఒక్కటి మాత్రం, అన్నిటికన్నా బాగా కుదిరినది, హమద్ దాచుకోవచ్చని మొదట రాశాను. ఆ రెండు పంక్తులు నేనే కొట్టేశాను. కొట్టివేత నా చేతిదే, ఎవరూ దిద్దలేదు. హమదూ, "దుకాణం పెడదాం నాన్నా, ఎగబడి కొంటారు" అన్నావు. నీ ఆశ నాకు అర్థమైంది. నా ఆశే నీకొచ్చింది. వద్దు నాయనా.

5. మూడో వంతులో మిగిలినది, బావి పక్క అంజూరు చెట్లతో సహా, అక్క సల్లూమాకు రాద్దామనుకున్నాను. కొడుకు ఉన్నాడు కాబట్టి ఆమె నా వారసురాలు కాదు, ఇవ్వడానికి అడ్డు లేదు. ఆమె ఒప్పుకోలేదు. "పుచ్చుకున్నదాన్ని సాక్షి సంతకం పెట్టనియ్యరంట కదా. నాకు చెట్లొద్దురా, సంతకం కావాల. నీ మాట ఒక్కటే అయితే ఈ ఆడవాళ్లు గుండ్లు తేరు" అంది. నిజమే. ఆ చెట్ల కాయలు దారిన పోయేవాళ్లవి.

6. నన్ను క్షమించమని అక్కను ఎప్పుడూ అడగలేదు. అడిగితే వెంటనే క్షమిస్తుంది. ఆ భయంతోనే అడగలేదు.

హిజ్రీ 1430 రబీ ఉల్ అవ్వల్ 18, అనగా 2009 మార్చి 15, ఆదివారం, మా ఇంటి వసారాలో రాసి, అందరి ఎదుటా చదివి వినిపించి చేవ్రాలు చేశాను.

(సంతకం) ఖైరల్లా సాద్

సాక్షులు:
యూనిస్ బూబక్ర్, మసీదులో అజాన్ ఇచ్చేవాడు (సంతకం)
అబ్దుల్ కరీమ్ షుఐబ్, పొరుగు తోటవాడు (సంతకం)
సల్లూమా సాద్ (ఎడమ బొటనవేలి ముద్ర)

మూడో సాక్షి చెప్పగా, వీలునామా రాసిన చేతితోనే రాసినది: "మా తమ్ముడి బుర్ర బాగానే ఉంది. ఆ పచ్చపట్టీ ఇయ్యాల నా కంటబడినా వాడిదేలే అనుకుని ఎత్తుకుంటాను. నన్ను నేను ఆపుకోలేను. అందుకని తెచ్చి ఇచ్చెయ్యండమ్మా."