అక్క బండికి మడ్‌గార్డు

జనవరి 8

సహస్రక్క ఎడమ కాల్లో బలం లేదు. అందుకే తన స్కూటర్‌కి వెనక అదనంగా రెండు చక్రాలు. అందులో ఎడమదాని మడ్‌గార్డు విరిగింది. నిన్న చున్నీ ఆ చక్రంలో పడి అక్కని కిందికి లాగేయబోయింది. షోరూమ్ వాడేమో, ఆ మోడల్ ఆపేశారు భయ్యా, కొత్తది కొనుక్కోండి అన్నాడు. కౌంటర్ మీద గుద్దాను. బాగుచేసుకునే హక్కు మీద నా దగ్గరున్న కరపత్రం గట్టిగా చదివి వినిపించాను. రెండో పేజీలో ఉండగా సెక్యూరిటీ గార్డు బయటికి పంపాడు.

ఫైబర్‌గ్లాస్‌తో నేనే చేస్తాను. పందొమ్మిదిన అక్క ఇక్కడే ఢిల్లీలో, ద్వారకా బ్రాంచిలో బ్యాంకు ఉద్యోగంలో చేరాలి. తన బండి మీదే వెళ్లాలి.

జనవరి 13, సాయంత్రం

విరిగిన ముక్కలకి టేపు వేసి ప్లాస్టర్‌తో అచ్చు తీశాను. చలికి ఫైబర్‌గ్లాస్‌కి పట్టించే రెజిన్ జిగురు గట్టిపడలేదు. కోపమొచ్చి, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మగ్గులోకి కొలవకుండా ఒంపేశాను. మగ్గు కుతకుతలాడి పొగలు కక్కింది. కింది ఇంటి ఆంటీ, క్యా పకా రహే హో బేటా, ఏం వండుతున్నావని అరిచింది. విప్లవం వండుతున్నా అన్నట్టు, క్రాంతి, ఆంటీ అన్నాను. అక్క నన్ను లోపలికి లాగి తలుపేసి, పొట్ట పట్టుకుని నవ్వింది.

జనవరి 14

గొడవ. మడ్‌గార్డు మీద ఎర్రగా ‘బాగుచేసుకోవడం మా హక్కు’ అని రాస్తానన్నాను. ఒరే, నేను నీ గోడపత్రికనా అంది. ఇప్పటికే అందరూ చూస్తారు, ఇక నన్ను చదవాలి కూడానా అంది. పోరాటం నీకోసమే కదా అని అరిచాను. నాకోసమైతే ఏ రంగు కావాలని నన్నడిగావా అంది.

అడగలేదు.

జనవరి 15

అడిగాను. మిగతా బండి ఏ రంగో అదే, అంది. నీలం.

జనవరి 16

రెజిన్ అంటుకుపోకుండా అచ్చుకి పూసే మైనం అయిపోయింది. అక్క కొబ్బరినూనె సీసా తెచ్చింది. ఢిల్లీ చలికి రాయిలా గడ్డకట్టింది. చెంచాతో తవ్వి, అచ్చు లోపలంతా తనే వేళ్లతో పూసింది. హార్డెనర్ కూడా తనే కొలిచింది, నన్ను నమ్మలేదు. నేను ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పరిచి రెజిన్ అద్దుతుంటే హెయిర్ డ్రైయర్ పట్టుకుని పక్కనే కూర్చుంది.

జనవరి 17

ఊడొచ్చింది! అచ్చు ముక్కలైపోయింది, మడ్‌గార్డు నిలిచింది. కానీ దాని మీద నాలుగు చారలు లేచాయి. గడ్డనూనెలో అక్క వేళ్లు నడిచిన దారి. నున్నగా రుద్దేద్దామని సాండ్‌పేపర్ తీశాను. చెయ్యి రాలేదు. పైనుంచే నీలం వేశాను.

జనవరి 18

బిగించాను. అక్క ఆ చారల మీద వేళ్లు ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయాయి. రుద్దలేదేంరా అంది. సాండ్‌పేపర్ లేదన్నాను. నా చేతిలోనే ఉంది.

జనవరి 19

వాన. అక్క బండి మీద ఆఫీసుకి వెళ్లొచ్చినా చున్నీకి బురద చుక్క కూడా అంటలేదు. మడ్‌గార్డు లోపలి వైపు ఎవరికీ కనబడదు, అక్కడ రాసుకోరా అని ఎర్రరంగు డబ్బా నా ముందు పెట్టింది.

ఏం రాయమంటావక్కా అని అడిగాను.