వెనక అద్దం నడుమ ఎముక

ఓవరైసెల్, మిషిగన్
అక్టోబర్ 14, 1998, బుధవారం

తమ్ముడు డెర్క్‌కి,

ప్రభువు కృప, సమాధానం నీకూ నీ ఇంటివారికీ తోడుండాలని పొద్దున ప్రార్థనలో అడిగి, మోకాళ్ల మీంచి లేచి అక్క అలైడా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ చిన్నక్క ట్రీనా క్షేమం. మార్చిలో నాన్న అంత్యక్రియలప్పుడు సమాధి దగ్గర నిన్ను చూశాను. నలుగురి వెనక నిలబడ్డావు. చర్చి కింద గదిలో కాఫీ, హ్యామ్ బన్నులు పెడుతున్నారు, రెండు నిమిషాలుండి వెళ్లమని చెబుదామని వచ్చేసరికి నీ ట్రక్కు మలుపు తిరిగిపోయింది.

నాన్న కార్వెట్ కారును అమ్మకానికి పెట్టాం. ఈ మాట ఇంకొకరి నోట వినేలోపు నేనే రాయాలనుకున్నాను. పేపర్లో వేసిన ప్రకటన ట్రీనా రాసింది. "1963 కార్వెట్, వెండి రంగు, మొదటినుంచీ ఒకే యజమాని, ఎండా మంచూ తగలకుండా కొట్టంలో ఉంచినది" అని రాసి, చివర "వెనక అద్దం కుర్రతనంలో కొడుకు చేతిలో పాడైంది" అని చేర్చింది. నీ పేరు లేదు. కానీ నాన్నకు ఒక్కడే కొడుకని ఎరగని వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. అచ్చులో చూసినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముందే చదివి చూడమని ట్రీనా ఆ కాగితం నా చేతికిచ్చింది. చదివాను. ఏమీ అనలేదు.

శనివారం గ్రాండ్ రాపిడ్స్ నుంచి రే సొబ్‌చాక్ అనే ఆయన, భార్య డానాతో వచ్చాడు. అరవై దాటిన మనిషి. కొట్టం తలుపు తీసి దుప్పటి లాగగానే టోపీ తీశాడు, ప్రార్థనకు తీసినట్టు. చుట్టూ తిరిగి వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"అరవై మూడు కదండీ ఇది. ఎముక ఏది?"

వెనక అద్దాన్ని రెండుగా చీల్చే ఆ నడిమి పట్టీని ఈ కార్ల మోజున్నవాళ్లూ మనలాగే ఎముక అంటారట.

"మా తమ్ముడు కోసేశాడు. పదిహేడేళ్లప్పుడు" అంది ట్రీనా.

"అంత పని చేశాక ఇంట్లో తిండి పెట్టారా వాడికి?" అంది డానా.

"నువ్వూరుకోవే" అన్నాడాయన. "ఆ మరుసటేడు ఒంటి అద్దంతో కొత్త మోడల్ రాగానే సగంమంది రంపాలు పట్టుకుని ఇదే పని చేశారు. తమ బండి పాతదని తెలియకూడదుగా! నేనూ ఒకటి కోశాను. ఇప్పుడు ఎముకున్న బండి కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాం. కలలో ఆ రంపం చప్పుడు ఇంకా వినిపిస్తుంది నాకు."

"కలలో కాదు, నేను రోజూ దెప్పుతుంటే వినిపిస్తోంది" అంది ఆవిడ.

ఆయన నవ్వుతూనే కప్పు మీద బొటనవేలు ఆనించి కోసిన చోట నెమ్మదిగా నడిపించాడు. నవ్వు ఆగింది. "ఇది కుర్రాడి పని కాదండీ. అంచు చూడండి, ఎంత నున్నగా పూడ్చారో. రంగు ఎక్కడా తేడా లేదు. చేయి తిరిగినవాడెవడో గ్యారేజీలో పెట్టుకుని తీరిగ్గా చేశాడు. మీకు తెలీదా?"

"కారు కొంటారా, మా ఇంటి చరిత్ర కొంటారా?" అంది ట్రీనా. దాని నోరు నీకు తెలుసుగా.

ఆయన నా వంక చూశాడు. లోపల కాఫీ కాచాను రమ్మన్నాను.

బేరం కుదిరింది. ఆదివారం మధ్యాహ్నం చెక్కు తెస్తానన్నాడు. ప్రభువు దినాన మేం కొనడం, అమ్మడం చెయ్యమండీ అన్నాను. సరే, ఇరవయ్యో తేదీ మంగళవారం అన్నాడు. మెట్లు దిగుతూ భార్యతో అన్న మాట నా చెవిన పడింది: "కొంటే ఇలాంటివాళ్ల దగ్గరే కొనాలి. మాటలో వంకర ఉండదు."

అప్పటినుంచీ కంటి మీద కునుకు లేదు డెర్క్.

1966 నవంబర్ నీకు గుర్తు చెయ్యనక్కర్లేదు. నాన్న జింకల వేటకు ఉత్తరాదికి వెళ్లి శనివారం తిరిగొచ్చారు. కొట్టంలోకి వెళ్లి అంతే వేగంగా బయటికొచ్చారు. వేట టోపీ ఇంకా తల మీదే ఉంది. "ఏరా, నా కారు కోశావా?" అన్నారు. నువ్వు కాదన్నావు. "ఆ ఎముక తీసేద్దాం నాన్నా, వెనక ఏనుగొచ్చినా కనపడదు" అని నువ్వు బల్ల దగ్గర ఎన్నిసార్లు అనలేదు? శనివారాలు పాత కార్ల యార్డులో పనిచేసేవాడివి. రంపం నీది, చేయి నీది, మాటా నీదే. నాన్నకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అయినా నన్నడిగారు. "అలైడా, నువ్వు అబద్ధమాడవు. వీడు కొయ్యడం చూశావా?" అన్నారు. చూడలేదన్నాను. నువ్వు నా వైపు చూసిన చూపు గుర్తుంది. అక్క తన పక్షాన మాట్లాడిందనుకున్నావు. నాన్న మాత్రం, తమ్ముణ్ణి పట్టివ్వలేక అలా అంటున్నానని అనుకున్నారు.

మర్నాడు చర్చిలో ప్రసంగం మొదలవగానే ఎప్పటిలాగే నాన్న కోటు జేబులోంచి పెప్పర్‌మింట్ బిళ్లల పాకెట్టు తీశారు. ఎప్పుడూ మొదటి బిళ్ల నీది. ఆ రోజు నీ ఒడి మీదుగా చెయ్యి చాచి పక్కకిచ్చారు. ఆ ఆదివారమే కాదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ నీకివ్వలేదు. జూన్‌లో చదువు అయిపోగానే నువ్వు మిన్నెసోటా బస్సెక్కావు. బిళ్ల కోసం ఇల్లు వదిలేవాడెవడని ట్రీనా ఇప్పటికీ అంటుంది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

పోయే ముందు వారం నాన్న అడిగారు, తప్పయిందని వాడు ఎన్నడైనా అన్నాడా అని. లేదు నాన్నా అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ప్రకటనలో ఆ మాట పడనిచ్చినందుకు నన్ను క్షమించు.

నీ కోసం ప్రార్థించడం మానని
అక్క అలైడా

తా.క. అక్టోబర్ 19, సోమవారం. పై ఉత్తరం కవరులో పెట్టి అంటించాను. పోస్టు చెయ్యలేకపోయాను. నిన్న చర్చిలో ట్రీనా పెప్పర్‌మింట్ అందిస్తే చెయ్యి రాలేదు. అందుకే ఇది పొట్లంలో వస్తోంది.

ఎముక కోయించింది నేను.

నాన్న వేటకు వెళ్లిన రెండోరోజు. ఒక్కసారి నడపాలనిపించింది, అంతే. కొట్టంలోంచి వెనక్కి తీస్తుంటే, నువ్వు చెప్పినట్టే, ఆ ఎముక అడ్డొచ్చి గడ్డి బండి కాడి కనపడలేదు. అది వెనక అద్దం కుడి సగంలో దిగింది. మనల్ని ఎరగని చోటని అలెగాన్ దాకా నడిపి ఒక గ్యారేజీలో ఇచ్చాను. ఆ అద్దం రావడానికి మూడు వారాలన్నాడు. ఎముక తీసేస్తే కొత్త మోడల్ అద్దం శుక్రవారానికి బిగిస్తాను, అందరూ చేయిస్తున్నారు, మీ నాన్న మెచ్చుకుంటాడు అన్నాడు. సరేనన్నాను. కోస్తున్నప్పుడు నేను అక్కడ లేను. అందుకే నాన్నతో చూడలేదని అనగలిగాను. ముప్పై రెండేళ్లు ఆ మాటను అబద్ధం కాదని చెప్పుకుంటూ మోకాళ్ల మీద కూర్చున్నాను.

సొబ్‌చాక్ గారికి ఫోన్ చేసి కారు అమ్మడం లేదన్నాను, ఎందుకో కూడా చెప్పాను. "తమ్ముడికి చెప్పారా?" అన్నాడు. రాస్తున్నానన్నాను.

ట్రీనాకు నిన్న సాయంత్రం చెప్పాను. "నీతో పాటు నన్నూ అబద్ధాలకోరును చేశావు కదే అక్కా" అంది. తన వాటా నీకు రాసిచ్చి వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు. నా వాటా కూడా రాసేశాను. కాగితాలు, తాళంచెవి పొట్లంలో ఉన్నాయి. కారు నీకు అక్కర్లేకపోతే ఏం చేసుకుంటావో నీ ఇష్టం. నాకు జవాబు రాయనక్కర్లేదు.

దిండు గలీబులో చుట్టి ఉన్నది ఎముక. గ్యారేజీవాడు తిరిగిచ్చాడు. బీరువాలో దాచాను. పారెయ్యడానికి భయమేసింది, ఎవరికైనా కనపడుతుందని.

ఇంకొక్కటి. ఆ ఆదివారం నాన్న నీ ఒడి మీదుగా చాచిన చేతిలోని బిళ్ల నాకిచ్చారు. తీసుకున్నాను. ప్రసంగం అయ్యేదాకా నోట్లోనే ఉంది.