ఉంచితే నేరం, చెరిపితే సాక్ష్యం లేదు

జిల్లా పోలీసు అధికారి గారి సముఖమునకు, ఓస్టర్‌విగ్ పట్టణం, డెన్మార్క్.

అయ్యా,

విషయం: నా కుమార్తె సిగ్నె (13 సం.) ముఖంతో కల్పించి పంచిన నగ్నచిత్రంపై ఇచ్చిన ఫిర్యాదును మూసివేసినందున, తిరిగి తెరవమని కోరుతూ.

నేను ఈ పట్టణ వాస్తవ్యుడను. పదిహేడేళ్లుగా బడి దారిలో బస్సు నడుపుచున్నాను.

1. గత ఫిబ్రవరిలో హ్యాండ్‌బాల్ జట్టు ఫొటోలోంచి మా అమ్మాయి ముఖం తీసి, ఏదో యాప్‌తో బట్టల్లేని వేరే ఒంటికి అతికించి, తరగతి పిల్లల గ్రూపులో పెట్టినారు. ముఖం తప్ప అందులో ఏదీ ఆమెది కాదు. చూసినవాళ్లకు ఆ తేడా అక్కరలేకపోయింది.

2. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయబోగా, మొదటి కిటికీలోని ఉద్యోగిని "బొమ్మ లేకుండా ఫిర్యాదేంటండీ? ప్రింటు తీసి పట్టుకు రండి" అన్నారు. కన్నతండ్రిని, ఏ దుకాణంలో తీయించను? ఫోనులోనే ఉంచుకుని మరునాడు వెళ్లాను.

3. ఈసారి రెండో కిటికీలోని అధికారి ఉలిక్కిపడి, "పిల్లల బొమ్మ ఇలాంటిది దగ్గరుంచుకోవడమే నేరం. కేసు మీమీదే పడుతుంది. ముందు తీసెయ్యండి!" అన్నారు. వారి ఎదుటే చెరిపివేశాను. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది: "సాక్ష్యాధారములు లేనందున ఫిర్యాదు మూసివేయడమైనది."

4. చట్టం లేదని నేననడం లేదు. "ఉందండీ. అది అసలు ఫొటోలకేనా, కల్పించినవాటికి కూడానా అన్నది పైవాళ్లు తేల్చాలి" అని స్టేషనువారు ఫోనులో సెలవిచ్చారు. అది తేలేదాకా పిల్ల బడికి పోవాలా, మానాలా అన్నది ఎవరూ సెలవివ్వలేదు.

5. ఆ గ్రూపులోని పిల్లలను రోజూ బడికి చేర్చేది నేనే. ఎవరు పెట్టారో, ఎవరు నవ్వారో నాకు తెలియదు. మార్చి 11న వెనక సీట్లో నవ్వులు వినబడి, బీట్ దుంపల పొలాల మధ్య బస్సు ఆపేశాను. "ఎందుకు నవ్వుతున్నార్రా?" అని అరిచాను. ఒక పాప బిక్కచచ్చి ఫోను చూపించింది. "పిల్లి అండీ... సోఫా మీంచి పడిపోయింది." నిజంగానే పిల్లి. నాలుగు నిమిషాల ఆలస్యానికి డిపోవారు సంజాయిషీ అడిగితే, "ఇంజను" అని రాశాను.

6. సిగ్నె జట్టు మానివేసినది. స్నానాల గదిలో అద్దానికి తువాలు కప్పింది. నేను ఆ తువాలు తీయలేదు. గడ్డం చేత్తో తడుముకుంటూ గీసుకుంటున్నాను.

కావున ఫిర్యాదును తిరిగి తెరిచి, ఆ గ్రూపు ఫోన్లలోని సాక్ష్యాన్ని తమ శాఖవారే రాబట్టవలెననియు, మావంటివారు బొమ్మను ఏమి చేయవలెనో రెండు కిటికీలవారూ ఒకే మాట చెప్పునట్లు ఉత్తర్వు ఇవ్వవలెననియు కోరుచున్నాను. తీరిక చేసుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
టోర్బెన్ విన్థర్

తా.క.: కవరు అంటించబోతుండగా వీధి చివరి హెలె గారు పదకొండేళ్ల కూతురిని వెంటబెట్టుకు వచ్చారు. ఆ పిల్లకూ ఇదే జరిగిందట. సోమవారం మేము నలుగురమూ తమ ఆఫీసుకు వస్తున్నాము. పెద్దవాళ్లం ముందుగదిలో ఉండగా, వంటింట్లోంచి పిల్లల మాటలు వినపడ్డాయి.

"మీ నాన్నకి చెప్పావా?" అని సిగ్నె అడిగింది.

"ఊహూఁ. తిడతాడు."

"తిట్టడే. మా నాన్న తిట్టలేదు. ఏడ్చాడంతే."

అయ్యా, ఆ సంగతి నేను పైన రాయలేదు. ఏడో అంశంగా చేర్చుకోగలరు.